తెర అవతలి చెల్లెలు

లిసియాటే డాక్టరుకు గుండె గురించి తెలియనిది లేదని టోంగా దీవుల్లో అందరూ అనుకునేవాళ్లు. అది పూర్తిగా నిజం కాదు గానీ, పెద్ద అబద్ధం కూడా కాదు. గుండె పిచ్చిగా పరుగెత్తితే పట్టి నిలబెట్టేవాడు. మరీ నెమ్మదించి కళ్లు తిరిగి పడిపోతుంటే చర్మం కింద చిన్న యంత్రం పెట్టి అదిలించేవాడు. కాళ్లు వాచి, ఊపిరితిత్తుల్లో నీరు పట్టి, దిండు మీద దిండు వేసుకుంటే తప్ప నడుం వాల్చలేని ముసలివాళ్లను మళ్లీ చర్చిలో పాటకు లేపి నిలబెట్టేవాడు. అన్నిటికన్నా అతని చెయ్యి తిరిగిన పని గుండె కవాటాలది. గొంతునొప్పిగా మొదలై, కీళ్లజ్వరంగా మారి, పోతూ పోతూ గుండె తలుపులను పాడుచేసి పోయే జబ్బు అక్కడి పిల్లలకు మామూలు. తలుపు బిగుసుకుపోయిందా, వదులై రక్తం వెనక్కి కారుతోందా అన్నది గొట్టం ఛాతీ మీద ఆనించి చెవితోనే చెప్పేవాడు. ఆ తర్వాత యంత్రంలో చూస్తే అదే ఉండేది.

"ఏరా డాక్టరూ, నా గుండె ఏమంటోంది?" అని, కాస్త మత్తెక్కించే వేరు రసం కావా గిన్నె చుట్టూ కూర్చున్న పెద్దవాళ్లు వేళాకోళం ఆడేవాళ్లు.

"మీ ఆవిడ తిట్లు వినీ వినీ విసుగెత్తిందంటోంది మావయ్యా."

"ఊళ్లో అందరి గుండెలూ వింటావు. నీ గుండె వినే పిల్లే దొరకలేదా నీకు?"

నలభై దాటినా పెళ్లి కాని మనిషి. నవ్వేసి, కొబ్బరిచిప్పలో కావా తాగేసి లేచి వచ్చేవాడు. ఆసుపత్రి, చర్చి, తన చేమదుంపల తోట. అంతకు మించి అతనికి లోకం లేదు.

అంతటి డాక్టరూ చెయ్యి వేయలేని గుండెలు కొన్ని ఉన్నాయి. అవి చెల్లెళ్లవి. అక్కడ చెల్లెలంటే ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లే కాదు. బాబాయి కూతురు చెల్లెలే, పిన్ని కూతురు చెల్లెలే, మనకు మరదళ్లు అయ్యేవాళ్లు కూడా చెల్లెళ్లే. ఆ లెక్కన సగం ఊరు అతనికి చెల్లెళ్లు. చెల్లెలు గదిలోకి వస్తే అన్న లేచి పోవాలి. ఆమె వింటుండగా నోటి నుంచి మోటు మాట రాకూడదు. ఇక ఆడవాళ్ల ఒంటి సంగతులు, నెలసరి, కడుపు, కాన్పు, ఇవేవీ అన్న ఉన్న చోట ఎవరూ ఎత్తరు, గోడకు అటువైపు ఉన్నా సరే ఎత్తరు. వయసులో ఎంత చిన్నదైనా చెల్లెలిదే పైమాట. ఆమె అన్నదానికి అన్న కాదనకూడదు.

మరి చెల్లెళ్లకు గుండెజబ్బు రాదా అంటే, వస్తుంది. దానికి లిసియాటే ఒక దారి చూసుకున్నాడు. పరీక్షగదికి అడ్డంగా మందారపూల దుప్పటి ఒకటి తెరగా కట్టించాడు. అవతల మంచం మీద చెల్లెలు, ఆమె పక్కన నర్సు సెయిని. ఇవతల కుర్చీలో అతను, అతని ముందు గుండె బొమ్మ చూపే యంత్రం. సెయిని ఉత్తర దీవుల మనిషి, ఈ ఊళ్లో ఆమెకు చుట్టరికాలు లేవు. చెయ్యి ఆమెది, చూపు అతనిది. "కొంచెం ఎడమకు," "ఇంకాస్త కిందికి" అని అతను గొంతు తగ్గించి చెబుతుంటే, ఆమె పరికరాన్ని చెల్లెలి ఛాతీ మీద అలా జరిపేది. గుండె బొమ్మ ఇవతల కదిలేది.

ఆడవాళ్లను అడగవలసిన ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి సెయిని దగ్గేది. ఆ దగ్గు వినగానే అతను లేచి, వెనక తలుపు తీసుకుని, వాననీటి ట్యాంకు దగ్గరికి పోయి నిలబడేవాడు. సెయిని అడగవలసినవి అడిగి, తలుపు మీద కొట్టేది. అప్పుడు లోపలికి వచ్చేవాడు. ఈ పద్ధతి ఎవరూ రాసి పెట్టింది కాదు. కానీ ఏళ్ల తరబడి తప్పలేదు. కాలోలైనే విషయంలో తప్పింది.

కాలోలైనే అతని బాబాయి పెద్దకూతురు. బాబాయి ఎప్పుడో పోయాడు. లవీనియా పిన్ని ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకుని నెట్టుకొచ్చింది. రెండోది మెలియామే, అక్క కన్నా బాగా చిన్నది. రెండు కుటుంబాలదీ ఒకటే వాకిలి. మీసం మొలిచే వేళకు లిసియాటేను వాకిలి చివర మగపిల్లల పాకలోకి పంపేశారు. అప్పటి నుంచి చెల్లెళ్ల మొహాలు అతను దూరం నుంచి చూడడమే. అతను ఫిజీలో డాక్టరు చదువు చదువుతున్న రోజుల్లో కాలోలైనేకు కీళ్లజ్వరం వచ్చింది. తిరిగొచ్చాక, ఆ జ్వరం మళ్లీ రాకుండా నెలనెలా సూదిమందు తప్పకుండా పడేలా ఏర్పాటు చేశాడు, తను ఎదుటపడకుండానే. పెళ్లయి పడమటి ఊరికి వెళ్లాక ఆ పిల్ల సూదిమందు మానేసింది. అక్కడ గుర్తు చేసేవాళ్లు లేరు. మొగుడు ఫిలిమోనే మంచివాడే గానీ పళ్లతోటల పనికని ఆస్ట్రేలియా వెళ్లి కూర్చున్నాడు. ఆమె పుట్టింటికి వచ్చేసింది.

ఆ ఏడు వాళ్ల మేనత్త పోయింది. మేనత్త చావులో అన్నదమ్ముల పిల్లలదే అందరికన్నా కింది మెట్టు. శవం దగ్గరికి పోకూడదు, వంటపొయ్యిల దగ్గరే ఉండి చాకిరీ చేయాలి. ఒంటికి చిరిగిన పెద్ద చాపలు, నడుం నుంచి రొమ్ముల దాకా చుట్టుకోవాలి. డాక్టరైతే ఏం, లిసియాటే కూడా చాప చుట్టుకుని పందుల్ని కాల్చే మంట ఎగదోస్తున్నాడు. కాలోలైనే చేమాకు పొట్లాల పళ్లెం మోసుకుని వంటపాక నుంచి వాకిట్లోకి వస్తోంది. ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరంలో రెండుసార్లు పళ్లెం దించింది. చాప సర్దుకుంటున్నట్టు నటించింది. పొగలో నుంచి అతను చూశాడు. ఆమె చాప సర్దుకోవడం లేదు, ఊపిరి కోసం ఆగుతోంది.

చావు పనులు ఒక కొలిక్కి వచ్చాక, పెద్దమ్మ కొడుకు చేత పిన్నికి కబురు పెట్టించాడు. ఆ వారంలోనే లవీనియా కూతుర్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. చాపలు ఇంకా ఒంటి మీదే ఉన్నాయి. మేనత్త చావు మైల తీరడానికి నెలలు పడుతుంది.

"ఎందుకమ్మా ఈ పరీక్షలన్నీ? చావింట్లో తిండి లేదు, నిద్ర లేదు. ఎవరికైనా ఆయాసం వస్తుంది," అంది లవీనియా తెర అవతల.

"పడుకోనివ్వండి పెద్దమ్మా. చిటికెలో అయిపోతుంది," అంది సెయిని. "పై చాప కాస్త వదులు చేస్తే చాలు. కిందిది ఉంచేయండి."

లిసియాటే ఇవతల కుర్చీలో ముందుకు వంగాడు. బొమ్మ కదిలింది. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య తలుపు కనిపించింది. హాయిగా తెరుచుకుని మూసుకోవలసిన తలుపు, అంచులు అతుక్కుపోయి, నీళ్లు లేని చోట చేప నోరు తెరిచినట్టు కొద్దిగా తెరుచుకుంటోంది. వెనక గదిలో రక్తం పేరుకుని గోడలు ఉబ్బిపోయి ఉన్నాయి. చిన్నప్పుడు తన వెనక వాకిలంతా పరుగెత్తిన పిల్ల గుండె అది. ఎంత ఇరుకుందో కొలిచాడు. నమ్మబుద్ధి కాలేదు. మళ్లీ కొలిచాడు.

అవతల సెయిని దగ్గింది.

అతనికి వినిపించింది. లేవాలని తెలుసు. కానీ చూపు ఆ బొమ్మ మీద నుంచి తిరగలేదు. ఇంకోసారి కొలిచి లేద్దామనుకున్నాడు. సెయిని రెండోసారి దగ్గింది. తెర కింద నుంచి అతని చెప్పులు అవతలికి కనిపిస్తున్నాయి. అవి కదల్లేదు. ఆమె ఇంకాసేపు చూసి, సరే, పోయేటప్పుడు బయట అడుగుదాం లెమ్మనుకుంది. ఈలోగా బయట బెంచీ మీద ఓ ముసలాయన కళ్లు తేలేశాడు. సెయిని అటు పరుగెత్తింది. లవీనియా కూతుర్ని తీసుకుని ఇంటిదారి పట్టింది. సెయిని అడిగే ఉంటుందని అతను అనుకున్నాడు. అడగలేదని ఆయనకు తెలుసులే అని సెయిని అనుకుంది.

మందులు మాత్రం ముసలాయన పడిపోక ముందే తెర మీదుగా పిన్ని చేతికి అందాయి. ఒంట్లో నీరు తగ్గించేది ఒకటి, గుండె వేగం తగ్గించేది ఒకటి. ఏటా విదేశాల నుంచి గుండె వైద్యుల బృందం ఒకటి వస్తుంది. తొడ దగ్గర నుంచి సన్నని తీగ గుండెలోకి పంపి, కొసన ఉన్న చిన్న బుడగ ఊది ఆ తలుపు తెరుస్తారు. వాళ్లు రావడానికి ఇంకా నెలలున్నాయి. ఒట్టిమనిషికైతే మందులతో నెట్టుకురావచ్చు. కడుపుతో ఉన్న మనిషికైతే ఆగకూడదు. నెలలు నిండే కొద్దీ ఒంట్లో రక్తం పెరుగుతుంది, ఆ ఇరుకు తలుపులోంచి అది పోలేదు, ఊపిరితిత్తుల్లోకి ఎగదన్నుతుంది. తెలిసి ఉంటే లిసియాటే ఆ వారమే ఆమెను విమానం ఎక్కించేవాడు. కాళ్లు పట్టుకోవలసిన వాళ్ల కాళ్లు పట్టుకునైనా ఎక్కించేవాడు.

కాలోలైనేకు అప్పుడు మూడో నెల, మొగుడు ఆస్ట్రేలియా వెళ్లబోయే ముందు నిలిచిన కడుపు. వాకిట్లో ఆడవాళ్లందరికీ తెలుసు, చర్చి పాటల గుంపుకు తెలుసు, చేపలమ్మే ఆవిడకు కూడా తెలుసు. తెలియనిది లిసియాటేకు ఒక్కడికే. అన్న చెవిలో ఆ మాట వేసేంత సిగ్గులేనివాళ్లు ఎవరున్నారక్కడ? పైగా ఆసుపత్రిలో నర్సు చెప్పే ఉంటుంది కదా అని అందరి ధీమా. ఆయాసమా, కడుపుతో ఉన్నప్పుడు ఎవరికి లేదు ఆయాసం అని ముసలమ్మలు తీసిపారేశారు.

నెలలు గడిచాయి. మందులు అయిపోగానే మెలియామే వచ్చి పట్టుకుపోయేది. అక్కకు బాగుందంట అని చెప్పి పోయేది. లిసియాటే దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు. కాలోలైనే అరుగు దిగడం తగ్గించింది. దిగినా గోడ పట్టుకుని నడుస్తోంది. చాపల చుట్టలో ఆమె మొహం చిన్నదైపోయింది. పెదవుల రంగు అతనికి నచ్చలేదు. మందులు పనిచేయవలసినంత పనిచేయడం లేదు. ఎందుకని? ఆ ఎందుకనికి ఒక జవాబు అతని మనసులో తలెత్తింది. తలెత్తిన ప్రతిసారీ అణిచేశాడు. చెల్లెలి గురించి అలాంటి ఆలోచన చేయడమే తప్పనిపించింది.

ఒకరోజు మధ్యాహ్నం సెయిని ఉడికించిన పనసలాంటి రొట్టెపండు ముక్కలు తెచ్చి అతని ముందు పెట్టింది.

"సెయినీ," అన్నాడు. "ఆ రోజు... మా పిన్ని వచ్చిన రోజు..."

"ఆఁ, చెప్పండి."

అతను ఒక ముక్క చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ రోజు టీలో చక్కెర ఎక్కువైంది. ఇకపై కొంచెం తగ్గించు."

"మీకు పెళ్లి కావాలి డాక్టర్ గారూ," అంది సెయిని. "నెలల కిందటి చక్కెర గురించి ఇప్పుడు గుర్తొచ్చిందంటే ఒంటరితనం ముదిరినట్టే."

అతను నవ్వాడు. ఆ నవ్వుతో ఆ మాట మళ్లీ లోపలికి పోయింది. ఆ నవ్వు మీద ఎవరికైనా ఒళ్లు మండాలి. గుండె కవాటం మందం చెప్పగలిగిన మనిషి, నర్సును ఒక్క ముక్క అడగలేకపోయాడు.

ఆదివారం వచ్చింది. టోంగాలో ఆదివారమంటే అంగళ్లు మూత, తోటపని మూత, విమానాలు కూడా ఎగరవు. తెల్లవారుజామునే నేలలో తవ్విన మట్టిపొయ్యిల్లో వంట పెట్టి కప్పేసి ఊరంతా చర్చికి వెళ్లింది. లిసియాటే మగవాళ్ల వరసలో, కాలోలైనే ఆడవాళ్ల వరసలో తల్లి పక్కన. పాట అందుకున్నారు. అక్కడి పాటకు వాయిద్యాలు ఉండవు. గొంతులే. గొంతులన్నీ కలిసి కప్పు ఎగిరిపోయేలా లేస్తున్నప్పుడు, ఆడవాళ్ల వరసలో ఒక దగ్గు మొదలైంది. ఆగలేదు. లిసియాటే పాడడం ఆపేశాడు. అది గొంతులో నుంచి వచ్చే దగ్గు కాదు. అడుగు నుంచి, తడిగా వస్తోంది. కాలోలైనే రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసేసరికి రుమాలు నిండా గులాబిరంగు నురగ.

ఎవరిదో ట్రక్కులో వెనక పడుకోబెట్టబోయారు. "పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి," అని లిసియాటే అరిచాడు. తను ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె ఊపిరి మాత్రం దారి పొడవునా వింటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో ఆదివారం మనుషులు తక్కువ. డ్యూటీ డాక్టరు కాన్పు ఆపరేషన్‌లో ఉన్నాడు. సెయిని ఊరికి ఆ చివర తన చర్చిలో ఉంది, ఆమె కోసం మనిషి పోయాడు. వార్డులో ఉన్నది కొత్తగా చేరిన నర్సు ఒకతే. లిసియాటే గది గుమ్మం ఇవతల గోడకు ఆనుకుని నిలబడి చెప్పాడు. ఆక్సిజన్ పెట్టమన్నాడు. కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టమన్నాడు. నీరు లాగే సూది నరానికి ఇమ్మన్నాడు. ఆ కొత్త పిల్ల ఒక్కొక్కటీ చేసింది.

"ఇప్పుడు గుండె ఎంత కొట్టుకుంటోంది?"

"చాలా ఎక్కువ సార్. తాళం లేదు. ఒకటి దగ్గర, ఒకటి దూరం..."

యంత్రం చప్పుడు అతనికి వినిపిస్తోంది. ఆ చప్పుడు తెలిసిన చెవికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. బిగుసుకున్న తలుపు వెనక ఉబ్బిన గది తాళం తప్పి కొట్టుకుంటోంది. కింది గదిలోకి రక్తం దిగడానికి వ్యవధి లేదు. మందులకు ఆగే సమయం కాదిది. ఛాతీ మీద పలకలు అతికించి, ఒక్క కరెంటు అదురుతో తాళం సరిచేయాలి. అది కొత్త నర్సు చేతిలో పెట్టే పని కాదు.

అతను గుమ్మంలోకి అడుగు వేశాడు. లవీనియా అడ్డం వచ్చి నిలబడింది.

"ఎక్కడికి?"

"పిన్నీ, పక్కకు జరుగు."

"అది నీ చెల్లెలు. ఒంటి మీద బట్ట కూడా సరిగా లేదు. నీ కళ్లు పోవాలనుందా? ఇంకో డాక్టర్ని పిలువు."

"ఇంకో డాక్టరు లేడు పిన్నీ."

"లేకపోతే ఆ నర్సుకు చెప్పు. ఇన్నేళ్లూ చెప్పలేదా?"

చెప్పాడు. ఇన్నేళ్లూ తెర వెనక నుంచి చెప్పాడు, తన తెలివికి తనే మురిసిపోతూ చెప్పాడు. ఇప్పుడు అతని కాళ్లు గుమ్మం దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయాయి. పిన్నిని తోసెయ్యడం ఎంతసేపు? చెయ్యి లేవలేదు. నలభై ఏళ్లుగా ఒంట్లోకి ఇంకిన భయం అది.

లోపలి నుంచి సన్నని గొంతు వచ్చింది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందడం లేదు.

"అమ్మా... జరుగు. అన్నా... లోపలికి రా."

లవీనియా గుమ్మం వదిలి జరిగింది. చెల్లెలి నోటి నుంచి వచ్చిన మాట అది. దానికి తల్లి అడ్డం రాకూడదు, అన్న కాదనకూడదు. లిసియాటే తల వంచుకుని లోపలికి వెళ్లాడు.

"చాపలు తీసెయ్యి," అన్నాడు నర్సుతో.

పై చాప ఊడింది. దాని కింద ఇంకోటి. అది కూడా ఊడింది. నర్సు చేతులు ఆగిపోయాయి. లిసియాటే చూశాడు. చెల్లెలి కడుపు గుండ్రంగా, ఎత్తుగా ఉంది. ఏడో నెల. ఒక్క క్షణం అతనికి గదిలో ఏదీ వినిపించలేదు. ఆ తర్వాత అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. మందులు ఎందుకు పనిచేయలేదో, ఆమె గోడ పట్టుకుని ఎందుకు నడిచిందో.

అతను మత్తు కొద్దిగా ఇచ్చి, పలకలు అతికించాడు. ఆమె ఛాతీ మీద అతని చెయ్యి పడింది. అదురు ఇచ్చాడు. ఆమె ఒళ్లు ఎగిరిపడింది. యంత్రం మీద గీత అడ్డదిడ్డంగా పోయి, ఆగి, మళ్లీ మొదలైంది. ఈసారి తాళం ఉంది. మధ్యాహ్నానికి ఊపిరి కాస్త కుదుటపడింది. తెల్లవారగానే విమానం రావడానికి ఏర్పాటు చేశాడు. కడుపులో బిడ్డ గుండె వేగంగా, నిబ్బరంగా కొట్టుకుంటోంది. అంతలో సెయిని వచ్చింది. కడుపు చూసి, డాక్టరు మొహం చూసి, గోడవైపు తిరిగిపోయింది.

కాలోలైనే కళ్లు తెరిచింది. అన్న ఇంకా మంచం పక్కనే ఉన్నాడు. పెద్దయ్యాక ఇంత దగ్గరగా ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు.

"ఆ రోజు... నువ్వు బయటికి పోతావని చూశాను అన్నా," అంది. "పోతే సెయినక్కతో చెబుదామని."

"తప్పు నాదేనమ్మా."

"పోనీలే. నేను బతుకుతానా?"

ఎన్ని వందలమంది అడిగారో అతన్ని ఆ మాట. ఎవరికీ అబద్ధం చెప్పని మనిషి.

"బతుకుతావు," అన్నాడు.

విమానం రావడానికి ముందే నొప్పులు వచ్చాయి. ఆ ఆదివారమే పొద్దు వాలుతుండగా ఆడపిల్ల పుట్టింది. చేతిలో ఇమిడిపోయేంత పిల్ల, ఏడ్చింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు, లిసియాటే తప్ప. కాన్పు అయిన వెంటనే వచ్చే ఘడియే ఇలాంటి గుండెకు గండమని అతనికి తెలుసు. కడుపులో ఉన్న రక్తమంతా ఒక్కసారిగా గుండెలోకి మళ్లుతుంది. తలుపు మాత్రం అంతే ఇరుకు. వీపు మీద గొట్టం ఆనించి విన్నాడు. ఊపిరితిత్తుల అడుగున బుడగల చప్పుడు. కాసేపటికి అది పైకి పాకింది. సూదులన్నీ ఇచ్చాడు, గొట్టం వేసి యంత్రంతో ఊపిరి పోశాడు, మళ్లీ అదురు ఇచ్చాడు. అతనికి వచ్చిన విద్య అంతా ఆ గంటలో పోసేశాడు. చీకటి పడకముందే కాలోలైనే చనిపోయింది.

బయటికి వచ్చి పిన్ని ముందు నిలబడ్డాడు. ఆమె ఏడవలేదు.

"నువ్వు తాకకపోతే నా బిడ్డ బతికేది," అంది.

ఆ మాట ఊరంతా పాకిపోయింది. అన్న చెయ్యి పడింది, అందుకే పోయిందన్నారు. సోమవారాలు చెల్లెళ్ల కోసం ఉంచిన బెంచీ ఖాళీ అయింది. "వాళ్లమ్మలు రానివ్వడం లేదంట," అంది సెయిని. అతను తెర విప్పేయించాడు. విప్పినా ఎవరూ రాలేదు. సూదిమందు వేయించుకోవలసిన ఆడపిల్లలు ఇళ్లలోనే ఉండిపోయారు.

వానలు మొదలయ్యాక ఒక వారం మెలియామేకు మోకాళ్లు వాచాయని, జ్వరం తగ్గడం లేదని అతని చెవిన పడింది. ఇక ఆగలేకపోయాడు. పట్టపగలు వాకిలి దాటి లవీనియా ఇంటి అరుగు మీద, కింద పరిచిన చాప మీద కూర్చున్నాడు. ఆమె అక్కడే గుమ్మానికి ఆనుకుని, కాలోలైనే పసిపిల్లను ఒళ్లో వేసుకుని ఉంది.

"పిన్నీ, నీకొక మాట చెప్పాలి. నేను తాకినందుకు పోలేదు అది. ఆ రోజు ఆసుపత్రిలో సెయిని దగ్గింది. నేను లేచి బయటికి పోవాలి. పోలేదు. పోయి ఉంటే కడుపు సంగతి తెలిసేది. ఆ వారమే పంపేవాణ్ణి, బతికేది. తర్వాతైనా ఒక్క మాట అడిగి ఉంటే బతికేది. సిగ్గుపడి అడగలేదు. నన్ను తిట్టు, కొట్టు. మెలియామేను మాత్రం రేపు ఆసుపత్రికి పంపు. దానికి ఇప్పుడే మందు పడాలి. ఆలస్యమైతే అక్క గుండె ఎలా అయిందో దీని గుండె అలాగే అవుతుంది."

లవీనియా పసిపిల్ల వీపు నిమురుతూ కూర్చుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఆమె విన్నదని, నమ్మిందని కూడా అతనికి అనిపించింది.

"నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది నాయనా," అంది చివరికి. "కానీ తాకావు కదా."

"పిన్నీ..."

"ఒకదాన్ని నీ చేతుల్లో పెట్టాను. రెండోదాన్ని పెట్టలేను. వెళ్లు."

లోపలి గదిలో మెలియామే మూలిగింది. నీళ్లు కావాలమ్మా అంది. ఆ రెండు ముక్కలు అనడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంది. అరుగు మీద ఇద్దరూ విన్నారు. లవీనియా పసిపిల్లను భుజాన వేసుకుని లేచి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.